పద్మిని బీడింగ్‌లు, బంపర్: క్రోమ్ కొట్టించాలా, పాలిష్ చాలా?

పాతబండి_తిరుపతి:
మా నాన్న ప్రీమియర్ పద్మిని కారు చాన్నాళ్లుగా షెడ్డులోనే ఉండింది. ఇంజిన్ పని అయింది, పెయింటింగ్‌కి ఇచ్చే ముందు బీడింగ్‌లు (బాడీకి బిగించే సన్నటి మెరుపు పట్టీలు), బంపర్లు, హెడ్‌లైట్ రింగులు విప్పించాను. బంపర్ మీద తుప్పు చుక్కలు, బీడింగ్‌ల మీద తెల్ల మచ్చలు, బ్రాసో పాలిష్ పెట్టి ఎంత రుద్దినా పోవట్లేదు. ఇక్కడ ఒకాయన అన్నిటికీ క్రోమ్ ప్లేటింగ్ చేయించమంటాడు, ఇంకొకాయన సిల్వర్ స్ప్రే కొట్టేద్దాం సార్ అంటాడు. స్ప్రే మాత్రం నాకు ఇష్టం లేదు. ఏం చేయాలి?

చిత్తూరు_గ్యారేజ్:
అన్నా, ముందు ఏది ఏ లోహమో తేల్చుకో. అయస్కాంతం పెట్టి చూడు. అతుక్కుంటే ఇనుము, కానీ కొన్ని స్టెయిన్‌లెస్ రకాలకీ అతుక్కుంటుంది. అతుక్కోకుండా తేలిగ్గా ఉండి తెల్లగా పూస్తుంటే అల్యూమినియమే. దానిమీద అనోడైజింగ్ పొర (కరెంటుతో పట్టించే ఆక్సైడ్ పొర) ఉంటే బ్రాసోకి లొంగదు, గట్టిది, ముందు దాన్ని తీయాలి. కాస్టిక్ సోడా నీళ్లలో కాసేపు ఉంచితే పోతుంది, కానీ బుడగలు జోరందుకోగానే తీసి కడిగెయ్, మరిచిపోయావంటే లోహాన్నే తినేస్తుంది. సోడాని నీళ్లలో వెయ్యాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, ఆరుబయటే చెయ్, వచ్చేది హైడ్రోజన్, పక్కన ఎవరూ బీడీ ముట్టించకుండా చూసుకో. తర్వాత 600 నంబర్ నుంచి 2000 దాకా వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం), ఆపైన బఫింగ్, అంటే తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు పట్టడం. పొర పోయింది కాబట్టి మళ్లీ అనోడైజింగ్ చేయించు, కుదరకపోతే అప్పుడప్పుడు వ్యాక్స్ పట్టించక తప్పదు.

రేణిగుంట_రైడర్:
బఫింగ్ దగ్గర జాగ్రత్త బ్రో. ఇత్తడి సామాన్లకి పాలిష్ పట్టే షాపులో ఇస్తే చేస్తారు, కానీ సన్నటి బీడింగ్ అంచు చక్రంలో చిక్కిందంటే పాములా మెలి తిరుగుతుంది, పట్టుకున్నవాడి చేతికీ ప్రమాదమే. చెక్క పలకకి బిగించి పట్టమను. సొట్టలుంటే పేపర్ కంటే ముందే వెనక నుంచి చిన్న సుత్తితో తీయించు.

చిత్తూరు_గ్యారేజ్:
అవును, అది చెప్పడం వదిలేశాను. బంపర్ సంగతి వేరు. చుక్కలే అయితే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చేసి నీళ్లలో ముంచి రుద్దు, క్రోమ్ దానికంటే గట్టిది కాబట్టి గీతలు పడవు. పొర లేచిపోయి ఉంటేనే ప్లేటింగ్. అదీ రాగి, నికెల్, ఆపైన క్రోమ్ వేసేవాడికే ఇవ్వు, నేరుగా క్రోమ్ వేస్తే మెరుస్తుంది గానీ తుప్పుని ఆపదు.

పాతబండి_తిరుపతి:
థాంక్స్ అన్నా. చూశాను, అయస్కాంతం బంపర్‌కి మాత్రమే అతుక్కుంది. రింగులకి అతుక్కోలేదు, కానీ బరువుగా ఉన్నాయి, మీద క్రోమ్ పొక్కులు.

చిత్తూరు_గ్యారేజ్:
అయితే మజాక్ అయ్యుంటుంది, జింక్ పోత. యాసిడ్ తొట్టిలో పారేస్తే కరిగిపోతుంది, షాపువాడికి ముందే చెప్పు. లోతుగా గుంటలుంటే దానిమీద డబ్బు పెట్టొద్దు, చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో పాత రింగులు వెతుక్కోవడం నయం. ఇంకోటి, బీడింగ్ క్లిప్పుల రంధ్రాలు ఉంచమని పెయింటర్‌కి ఈరోజే చెప్పు, లేకపోతే పుట్టీ పెట్టి పూడ్చేస్తాడు.