కౌద్దాలికులా, గౌద్దాలికులా?

ప్రశ్న:
అపరాధ పరిశోధన నవలలు తప్ప మరొకటి చేతపట్టని నేను, ఒక మిత్రుని బలవంతం మీద 15వ శతాబ్దపు కథ గల ఒక చారిత్రక నవలను తెరిచి, రాజుల వంశావళికి బెదరి మొదటి 30 పుటలు దాటవేసి, ఆ పైన రెండు రాత్రులు నిద్ర మానుకొని చదివాను. రాజాశ్రయం కాదని పొలానికి వెళ్లిన కవి, కావ్యకన్యను కూళలకు (మూర్ఖులకు) ఇచ్చి ఆ పడుపు కూడు తినడం కన్న నాగలి పట్టినా, అడవిలో దుంపలు తవ్వుకొన్నా మేలనే ‘బాలరసాలసాల’ పద్యం చదివే ఘట్టం నన్ను వదలడం లేదు. పుస్తకం తిరిగి ఇచ్చివేశాక సందేహం మొదలయింది. అందులో ‘కందమూల గౌద్దాలికులైన నేమి’ అని ఉన్నట్లు గుర్తు. అది సరియైన పాఠమేనా?

మొదటి జవాబు:
కాదు, ‘కౌ’ తప్ప మరొకటి పొసగదు. హలం నుండి హాలికుడు వచ్చినట్లే కుద్దాలం (గుద్దలి) నుండి కౌద్దాలికుడు, అంటే గుద్దలితో తవ్వేవాడు, వచ్చాడు. కందమూలంతో కలిసి అది సిద్ధసమాసం (సంస్కృత పదాల సమాసం) కనుక ‘క’ను ‘గ’ చేసే గసడదవాదేశానికి చోటు లేదు. ‘కావ్యకన్యకన్ గూళల’ అన్నచోట ద్రుతం (పదం చివరి ‘న్’) మీద ‘కూ’ ‘గూ’గా మారి వచ్చిన సరళాన్ని చూసి, ఇక్కడా అదే అంటగట్టి ఉంటారు.

రెండవ జవాబు:
వ్యాకరణం సరే, ఛందస్సు మాత్రం ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు. పాదాంతంలో ఉన్న ఆ అక్షరం యతిస్థానమూ కాదు, ప్రాసస్థానమూ కాదు. ‘కౌ’ అయినా ‘గౌ’ అయినా గురువే. ఆ పాదంలో చూడవలసినది యతి: ‘హాలికు’లోని ‘హా’కు మైత్రి ‘గహనాంతర’లో దాగిన అకారంతో. నవలాకారుడు తెలిసే ‘గౌ’ వ్రాశాడని నా ఊహ. చేత గుద్దలి పట్టినవాని నోట కుద్దాలం కన్న గుద్దలి వినిపించడమే సహజం.

మూడవ జవాబు:
అచ్చుతప్పుకు ఇంత వ్యాఖ్యానం అవసరమా? ఈ పద్యం భాగవతంలో లేదు. పోతన పేరిట తిరిగే చాటువు, మంచన అనే మరొక కవికి ముడిపెట్టేవారూ ఉన్నారు. నోటి మీద బ్రతికిన పద్యానికి ఒకే పాఠం ఉండాలనడం అత్యాశ. పోతన మాటే కావాలంటే భాగవతం అవతారికలోని (పీఠికలోని) ‘ఇమ్మనుజేశ్వరాధముల’ పద్యం ఉండనే ఉన్నది. రాజుల సొమ్ము పుచ్చుకొన్నవానికి కాలుని సమ్మెట దెబ్బలు తప్పవన్న ఆ ఊహ ముందు ఈ గుద్దలి ఏపాటిది?

రెండవ జవాబు ఇచ్చినవారు:
సమ్మెట గొప్పదే, కాని అది చచ్చిన తరువాతి శిక్ష. ‘పడుపు కూడు’ తినే ముద్ద దగ్గరే తగులుతుంది. ఆ మాట అన్న కవి ఎవరైనా పోతనకు తీసిపోడు.

ప్రశ్న అడిగినవారు:
ఒక్క అక్షరం దొరికితే దొంగ దొరికినట్లేనని మా నవలల్లో నేర్చుకొన్నాను. ఇక్కడ అక్షరం మీదనే ముగ్గురు అనుమానితులు తేలారు. మిత్రుని అడిగితే పుస్తకం మరొకరు తీసుకొనిపోయారట. తిరిగి వచ్చిన రోజున ఆ పుట చూసి చెబుతాను. దాటవేసిన వంశావళిని కూడా ఈసారి వదలను.