వార్ రూమ్‌ని తెలుగులో ఏమందాం?

ఎన్నికల వార్ రూమ్, కంపెనీ వార్ రూమ్ అని తరచూ చదువుతున్నాం. ఒక అనువాదంలో 'యుద్ధ గది' అని చూశాను, అదోలా ఉంది. ఇంతకన్నా మంచి మాట ఉందాండీ?

— 'మంత్రాంగ మందిరం' ఉందిగా! మంత్రమంటే రహస్యాలోచన కూడా. ఆ చోటు ఎలా ఉండాలో అర్థశాస్త్రం చెప్పింది: మాట బయటికి వినపడకూడదు, పక్షులకు సైతం కనపడకూడదు. చిలకలు, గోరువంకలు, చివరికి కుక్కల వల్ల కూడా గుట్టు బయటపడిందట! రాజు ముగ్గురు నలుగురు మంత్రులతో ఆలోచించాలన్నాడు కౌటిల్యుడు. 'షట్కర్ణో భిద్యతే మంత్రః', అంటే ఆరు చెవుల్లో పడితే గుట్టు రట్టవుతుంది అన్నవాళ్ల లెక్కలో అదీ ఎక్కువే.

— చర్చిల్ కూర్చున్న లండన్ కేబినెట్ వార్ రూమ్స్‌కి మీ మాట బాగా నప్పుతుంది. ప్రభుత్వ భవనం కింద నేలమాళిగలో, 1939 ఆగస్టులో, బ్రిటన్ యుద్ధం ప్రకటించడానికి వారం ముందు సిద్ధమయ్యాయవి. అయితే అక్కడా మంతనాలు జరిగింది కేబినెట్ గదిలో. పక్కన మ్యాప్ రూమ్ పని వేరు: రాత్రింబవళ్లు అధికారులు కూర్చుని, కబురు అందగానే గోడ మీది పటాల్లో గుండుసూదులు మార్చేవారు. కంపెనీలకు కావలసింది ఈ రెండో గదే. అందులో దాచడం కన్నా, అందరికీ అన్నీ ఒకే గోడ మీద కనపడటం ముఖ్యం. 1990లలో ప్రియస్ కారు రూపొందించేటప్పుడు టొయోటా వాళ్లు ఇలాంటి గదినే వాడి, 'ఓబెయా' అన్నారు. జపనీస్‌లో ఆ మాటకు పెద్ద గది అని అర్థం, అంతే. యుద్ధం ఊసే లేదు, హాయిగా!

— పోనీ 'వ్యూహ మందిరం'?

— వ్యూహం మంచి మాటే. పద్మవ్యూహంలోలాగా సేనను మోహరించే తీరు నుంచి ఎత్తుగడ దాకా వచ్చింది కాబట్టి సైన్యానికీ ఆఫీసుకీ చెల్లుతుంది. మందిరమే అతిగా ఉంది. 'వ్యూహాల గది' అనండి, పత్రికల్లో ఇట్టే అర్థమవుతుంది. సర్వర్ పడిపోయి అందరూ టెన్షన్‌లో ఉన్నప్పుడు మాత్రం "వార్ రూమ్‌లోకి రండి" అనే పిలుస్తారు. కథలో, సంభాషణలో దాన్ని మార్చకండి.

— వైట్‌హౌస్ సిట్యుయేషన్ రూమ్‌కీ 'వ్యూహాల గది' అని వాడొచ్చా?

— వద్దండీ. క్యూబా మీద అమెరికా చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడి బెడిసికొట్టాక, సమాచారం నేరుగా తనకు చేరాలని 1961లో కెనెడీ పెట్టించినది అది. ఇప్పుడది ఒక చోటి పేరు, అలాగే రాయండి.