క్రోమ్‌లో నిలిచే లాగిన్ సఫారీలో ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న:
నమస్కారం. మా వెబ్‌సైటు ఒక డొమైన్‌లో, దానికి సమాచారం అందించే ఏపీఐ సర్వర్ పూర్తిగా వేరే డొమైన్‌లో ఉన్నాయి. బ్రౌజర్ నుంచి రిక్వెస్ట్ పంపే ఫెచ్‌లో, కుకీలు కూడా వెళ్లేలా క్రెడెన్షియల్స్‌ను 'ఇన్‌క్లూడ్' అని పెట్టాను. క్రోమ్‌లో అంతా సవ్యంగా నడుస్తోంది. సఫారీలో మాత్రం లాగిన్‌కు 200 (విజయవంతం) వచ్చినా, ఆ వెంటనే ప్రొఫైల్ అడిగితే 401 (లాగిన్ కాలేదు) వస్తోంది. కన్సోల్‌లో కార్స్ (వేరే డొమైన్‌కు చేసే రిక్వెస్ట్‌ల అనుమతి నియమాలు) ఎర్రర్ ఏదీ లేదు. రెండు రోజులుగా సర్వర్ హెడర్లనే తిరగేస్తున్నాను. ఎక్కడ వెతకాలో దయచేసి చెప్పగలరా?

మొదటి సమాధానం:
కార్స్ ఎర్రర్ లేదంటే హెడర్లను వదిలేసి, లాగిన్‌ను గుర్తుంచే కుకీని చూడండి. వేరే సైటుకు చేసే ఫెచ్‌లో కుకీ వెళ్లాలంటే అది వేరే సైట్ల నుంచి వెళ్లవచ్చో లేదో చెప్పే సేమ్‌సైట్ విలువ 'నన్' అని ఉండాలి, దానితో పాటు సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే పంపమనే గుర్తు) కూడా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ ఉన్నాయండి. సఫారీ నెట్‌వర్క్ ట్యాబ్‌లో లాగిన్ రెస్పాన్స్‌లో, కుకీని దాచుకోమనే సెట్-కుకీ కనిపిస్తోంది, కానీ తర్వాతి రిక్వెస్ట్‌లో కుకీ అన్న వరుసే లేదు.

రెండో సమాధానం:
అయితే కారణం దొరికినట్టే. 2020 మార్చిలో వచ్చిన 13.1 వెర్షన్ నుంచి సఫారీ థర్డ్ పార్టీ కుకీలను (చూస్తున్న సైటు కాక వేరే సైటు పెట్టేవి) మామూలుగా పూర్తిగా ఆపేస్తోంది కనుక, మీరు సర్వర్‌లో సేమ్‌సైట్, కార్స్ హెడర్లు ఎలా మార్చినా ఫలితం ఉండదు. ఏపీఐని మీ సైటు డొమైన్ కిందే ఒక సబ్‌డొమైన్‌కు మార్చండి. అప్పుడు ఆరిజిన్ (సబ్‌డొమైన్‌తో సహా పూర్తి చిరునామా) వేరైనా సైటు (ప్రధాన డొమైన్) ఒక్కటే అవుతుంది, సేమ్‌సైట్ 'నన్' కంటే కఠినమైన 'లాక్స్' అయినా కుకీ వెళుతుంది. కార్స్ హెడర్లు మాత్రం అప్పుడూ అవసరమే. వాటిలో ఏ ఆరిజిన్‌కు అనుమతో చెప్పే అలో-ఆరిజిన్‌లో, అందరికీ అనుమతి అనే నక్షత్రం గుర్తు పెట్టకండి. క్రెడెన్షియల్స్ ఉన్న రిక్వెస్ట్‌కు ఏ బ్రౌజరూ దాన్ని అంగీకరించదు.

ప్రశ్న అడిగినవారు:
సబ్‌డొమైన్‌కు మార్చాను, ఐఫోన్‌లో కూడా ప్రొఫైల్ వచ్చింది. ఇద్దరికీ ధన్యవాదాలు.