లే-అప్‌లో మూడో పాదం: స్టెప్స్ ఊదాలా, వదిలేయాలా?

బేస్‌లైన్:
అండర్-14 స్కూల్ బాస్కెట్‌బాల్ మ్యాచుల్లో పిల్లలు లే-అప్‌కి (పరుగున వచ్చి బుట్ట దగ్గర ఎగిరి వేసే షాట్) ఎడమ, కుడి, ఎడమ అని మూడు పాదాలు వేస్తున్నారు. ఒక రెఫరీ స్టెప్స్ (ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని అనుమతికి మించి అడుగులు వేసే తప్పు) ఊదుతున్నారు, ఇంకొకరు బాస్కెట్ ఇచ్చేస్తున్నారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2017 అక్టోబరు 1 నుంచే నిబంధన మార్చింది కదా! అసలు ఈ జీరో స్టెప్ (బంతి పట్టినప్పుడు నేల మీదున్న పాదాన్ని లెక్కపెట్టకపోవడం) పిల్లలకు నేర్పాలా, వద్దా?

పాతపీడీ:
వద్దంటాను. నిబంధన తప్పని కాదు. ఆ వయసులో ముందు రావాల్సింది పివట్, అంటే ఒక పాదాన్ని నేల మీదే ఉంచి రెండో పాదంతో తిరగడం. ఎన్‌బీఏ క్లిప్పులు చూసొచ్చి, నిలబడి బంతి పట్టుకున్నప్పుడు కూడా ఒక అడుగు ఉచితం అనుకుంటున్నారు. పివట్ పాదం లేచాక బంతి నేలకు కొడుతున్నారు. స్కూల్ మ్యాచుల్లో ఎక్కువ స్టెప్స్ ఇక్కడే పడుతున్నాయి, లే-అప్‌లో కాదు.

రూల్‌షీట్:
పీడీ గారూ, ఆ తప్పు జీరో స్టెప్ వల్ల వచ్చింది కాదు, దాన్ని సగమే చెప్పడం వల్ల వచ్చింది. అది కదులుతూ బంతి అందుకున్నవాడికి, లేదా డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ వెళ్లడం) ముగించినవాడికి మాత్రమే. బంతి చేతికి చిక్కిన క్షణంలో నేల మీద ఉన్న పాదం లెక్కలోకి రాదు. ఆ తర్వాత నేలను తాకేది ఒకటి, దాని తర్వాతది రెండు. నిలబడ్డవాడికి పాత పద్ధతే: డ్రిబుల్ మొదలుపెట్టాలంటే పివట్ లేవకముందే బంతి చెయ్యి దాటాలి.

ఇంకో మెలిక ఉంది. పరుగులో పాస్ అందుకుని డ్రిబుల్ చేయదలిస్తే రెండో అడుగు పడకముందే బంతి వదలాలి. రెండు అడుగులూ వేసి తర్వాత కొడితే ట్రావెలింగే.

పాతపీడీ:
కాగితం మీద బాగానే ఉంది. బంతి "చిక్కిన క్షణం" ఎవరు చూస్తున్నారు? ఇద్దరు రెఫరీల మ్యాచ్‌లో ఒకరు బుట్ట వెనకున్న గీత దగ్గర, ఇంకొకరు ఆట వెనక. పాదాలు లెక్కపెట్టేసరికే విజిల్ నోట్లోకి వెళ్తుంది. మూడో పాదం కనిపిస్తే ఊదేస్తారు. దానికి మూల్యం పిల్లాడే చెల్లిస్తాడు.

రూల్‌షీట్:
అందుకే ముందు బంతిని, తర్వాత పాదాన్ని చూడాలి. రెండు చేతులూ ఒకేసారి తాకినా, బంతి ఒక చేతిలో నిలిచినా డ్రిబుల్ అయిపోయినట్టే. చెయ్యి బంతి కిందికి వెళ్లి మోస్తుంటే, రెండో చెయ్యి పడేదాకా ఆగి లెక్క మొదలుపెట్టకూడదు. చాలామంది అదనపు అడుగు దాచుకునేది అక్కడే.

ఎడమచేయి:
నేర్పే పద్ధతిలోనే అసలు తేడా ఉంది. కుడిచేతి లే-అప్‌లో ఎడమ పాదం నేల మీద ఉండగా బంతి పట్టాలి. కుడి ఒకటి, ఎడమ రెండు, అక్కడి నుంచి ఎగరాలి. కుడి పాదం మీద ఉండగా బంతి పట్టుకుంటే ఎడమ ఒకటి, కుడి రెండు అయిపోతాయి. అలవాటైన ఎడమ పాదం మీద ఎగరాలని పిల్లాడు ఇంకో అడుగు వేస్తాడు. అది నిజంగానే స్టెప్స్. కాబట్టి ముందు నడుస్తూ చేయించండి: ఆఖరి డ్రిబుల్, పట్టు, రెండు అడుగులు. పట్టిన చోట "పట్టు" అని పిల్లాడి చేతే గట్టిగా అనిపించండి. వేగం తర్వాత పెంచవచ్చు.

హాప్ కూడా చెప్పాలి. మొదటి అడుగు మీద ఎగిరి రెండు పాదాలూ ఒకేసారి దించవచ్చు. కానీ ఆ తర్వాత ఏ పాదం మీదా పివట్ చేయకూడదు, షాటో పాసో కొట్టేయాలి.

ఫ్రీత్రో_దూరం:
అమెరికాలో ఉన్న మన పిల్లల తల్లిదండ్రులు ఇది గమనించండి. అక్కడ చాలా హైస్కూళ్లు ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (అమెరికా హైస్కూల్ క్రీడల సమాఖ్య) నిబంధనలతో ఆడతాయి, వాటిలో జీరో స్టెప్ లేదు. బంతి పట్టినప్పుడు నేల మీదున్న పాదమే పివట్. పైన చెప్పిన ఎడమ, కుడి, ఎడమ అక్కడ ట్రావెలింగ్. రెండు పాదాలూ గాల్లో ఉండగా బంతి పట్టుకుంటే కుడి, ఎడమ వేసి ఎగరవచ్చు.

పాతపీడీ:
ఇది నా వాదనకే బలం. గాల్లో పట్టడం నేర్పితే రెండు చోట్లా చెల్లుతుంది. నా టీమ్‌కి అదే నేర్పుతాను.

రూల్‌షీట్:
అప్పుడు ఇక్కడ డిఫెండర్‌ని దాటే ఒక అడుగు చేజేతులా వదులుకున్నట్టే. అవతలి టీమ్ వదులుకోదు. నేను మాత్రం రెండూ నేర్పమంటాను, కాకపోతే పివట్ కుదిరాకే.

బేస్‌లైన్:
మరి తప్పుగా ఊదితే?

రూల్‌షీట్:
ఊదాక పడిన బాస్కెట్ చెల్లదు, తప్పు ఊదిన చోటుకు దగ్గర్లో గీత బయటి నుంచి అవతలివాళ్లకు త్రో-ఇన్. బంతి డెడ్ అయి గడియారం ఆగి ఉన్నప్పుడు కెప్టెన్ మర్యాదగా వివరణ అడగవచ్చు. "బంతి పట్టినప్పుడు ఏ పాదం నేల మీద ఉంది సార్?" అని అడిగితే చాలు. ఆ విజిల్ వెనక్కి రాదు కానీ, తర్వాతి లే-అప్‌కి ఆయన కళ్లు ముందు బంతి మీదికి వెళ్తాయి.