వైన్‌లో ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? లేబుల్ మీద ఊరి పేరు తప్ప ఏమీ లేదు

కొత్తగ్లాసు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఎవరు ఏది పోస్తే అది తాగాను, రెడ్డా వైటా అన్నంతవరకే తెలుసు. ఈ మధ్య ఓ ఫ్రెండ్ ఫ్రాన్స్ సీసా ఒకటి ఇచ్చాడు, అటూ ఇటూ ఎంత తిప్పినా అది ఏ ద్రాక్షతో చేశారో ఎక్కడా రాసి లేదు, ఊరి పేరు, తోట పేరు, సంవత్సరం, అంతే. అదే ఆస్ట్రేలియా సీసా మీద షిరాజ్ అని ఇంతింత అక్షరాలు. దేశానికొకటి చొప్పున రుచి చూద్దామని లిస్టు రాస్తే నలభై దాటింది. ఏ వరసలో వెళ్లాలి, బాగా పేరున్న ఫ్రాన్స్ బోర్డోతోనే మొదలెట్టనా? ఇంకోటి, అందరూ చెర్రీ వాసన, తోలు వాసన అని రాస్తారు, నాకు వైన్ వాసన తప్ప ఏదీ తగలదు. నా ముక్కులోనే ఏదైనా తేడానా?

పాతసీసా:
ముక్కు బానే ఉంటుంది లెండి, ముందు ఆ లిస్టు చించేయండి. ఒక్కో సీసా విడిగా తాగితే ఎన్ని తాగినా గుర్తుండదు, ఒకే ద్రాక్ష రెండు చోట్లది పక్కపక్కన పెట్టుకోండి. సొవిన్యోన్ బ్లాన్ అయితే ఫ్రాన్స్‌లో లువార్ నది పక్కనున్న సాన్సేర్‌ది ఒకటి, న్యూజిలాండ్ మార్ల్‌బరోది ఒకటి. మొదటిది నోరు విప్పని మనిషి, రెండోది గుమ్మంలోంచే అరుచుకుంటూ వస్తుంది. తర్వాత ఫ్రాన్స్‌లో ఉత్తర రోన్ లోయ సిరా, ఆస్ట్రేలియా బరోసా షిరాజ్ పెట్టండి, పేర్లు రెండైనా ద్రాక్ష ఒకటే.

లేబుల్ సంగతికొస్తే, ఫ్రాన్స్‌లో ఊరి పేరు చెప్తే ద్రాక్ష చెప్పినట్టే. షాబ్లీ అంటే షార్డొనే, సాన్సేర్ వైట్ అంటే సొవిన్యోన్ బ్లాన్, బర్గండీ రెడ్ అంటే దాదాపు ఎప్పుడూ పినో నువార్. బోర్డోలో మాత్రం రెండు మూడు రకాలు కలుపుతారు, అక్కడి నదికి ఎడమ గట్టు గులకరాళ్ల నేల కాబట్టి అక్కడ కాబెర్నే సొవిన్యోన్‌దే పెత్తనం, కుడి గట్టున బంకమట్టి ఎక్కువ, అక్కడ మెర్లో అనే రకానిది. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం అప్పటి రేట్లు చూసి ఎడమ గట్టు తోటలకు ర్యాంకులిచ్చారు, ఆ మొదటి ర్యాంకులో ఇన్నేళ్లలో జరిగిన మార్పు ఒక్కటే, 1973లో ముటోన్ రోత్‌షీల్డ్ అనే తోటని పైకి ఎక్కించడం. అంత పట్టుదల మనుషులు. కొత్తవాళ్లు మాత్రం వయసు రాని బోర్డోతో మొదలెడితే వగరుకి భయపడి పారిపోతారు.

వగరువాది:
పైన వగరు అన్నారు చూడండి, అసలు పాయింట్ అదే. చెర్రీలూ తోళ్లూ తర్వాత, మొదట నాలుకని అడగండి: పులుపెంత, తీపెంత, వగరెంత. ఇంగ్లీషువాళ్లు టానిన్ అని దాని గురించి పేజీలు రాస్తారు, మనకి ఒక్క మాటలో అయిపోతుంది. ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వస్తుంది అది.

నా అనుభవం ఒకటి. ఇటలీది బరోలో అనే రెడ్ వైన్ మొదటిసారి పోసుకున్నప్పుడు గ్లాసులోంచి అవతలి వేళ్లు కనిపిస్తున్నాయి, ఇంత పల్చటి రంగు, ఇదేం చేస్తుందిలే అని పెద్ద గుక్కే వేశా. బుగ్గలు లోపల్నుంచి పళ్లకి అతుక్కుపోయాయి, చక్కెర లేని చిక్కటి టీ డికాషన్ నోట్లో పెట్టుకున్నట్టు. దాన్ని చేసే నెబ్బియోలో అనే ద్రాక్ష అంతేనట, రంగు చూసి మోసపోకూడదు. కనీసం 38 నెలలు దాచాకే అమ్మాలని రూల్ పెట్టుకున్నారంటే ఊరికే కాదు. మిగిలింది బిరడా పెట్టి మర్నాడు తాగితే వేరే వైనా అనిపించింది.

దీనికి పూర్తి రివర్స్ కావాలంటే జర్మనీ మోజెల్ రీస్లింగ్. నిలబడితే జారే వాలుల మీద, పలకరాళ్ల నేలలో పండిస్తారు, వగరు అస్సలుండదు, తీపీ పులుపూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక చిట్కా, దాని లేబుల్ మీద ఆల్కహాల్ 8 శాతం దగ్గరుంటే చక్కెర మొత్తం పులియకుండా మిగిల్చారని, అంటే తియ్యగా ఉంటుంది, 12 ఉంటే తీపి పెద్దగా ఉండదు.

మట్టికుండ:
ఎప్పుడూ ఫ్రాన్స్ ఇటలీయేనా. జార్జియా దేశంలో 8000 ఏళ్ల నుంచి చేస్తున్నారు స్వామీ. క్వెవ్రీ అని గుడ్డు ఆకారం మట్టిపాత్ర, మూతి వరకూ నేలలో పాతేసి అందులోనే పులియబెడతారు, 2013లో యునెస్కో కూడా ఆ పద్ధతిని లిస్టులో పెట్టింది. ర్కాట్సితేలీ అనే తెల్ల ద్రాక్షని తొక్కలతో సహా నెలల తరబడి ఉంచేస్తారు, వైట్ వైనే గానీ తేనె రంగుకొస్తుంది, రెడ్‌లాగా వగరు కూడా. వగరువాది గారికి ఇదే నచ్చాలి.

ఇంకా లేబుల్ మీద ద్రాక్ష పేరుంటే చాలనుకుంటున్నారేమో, చిలీలో ఏళ్ల తరబడి మెర్లో అని అమ్మినదాంట్లో చాలా భాగం కార్మెనేర్ అని 1994లో ఓ ఫ్రెంచ్ నిపుణుడు తీగలు చూసి చెప్పేదాకా ఎవరికీ తెలీదు. బోర్డోలో తోటలన్నీ పురుగు పట్టి పోయినప్పుడు మాయమైపోయిందనుకున్న రకం అది, చిలీలో వేరే పేరుతో హాయిగా బతికేస్తోంది 😄

ఒంటరిగుక్క:
ఒక్కరే తాగేవాళ్లు తెరిచిన సీసా పాడైపోతుందని బెంగపడితే పోర్చుగల్ దీవి వైన్ మదీరా కొనుక్కోండి. స్పిరిట్ కలిపి, వేడిలో ఉంచి తయారుచేస్తారు, దానికి జరగాల్సినవన్నీ ముందే జరిగిపోయాయి కాబట్టి తెరిచాక నెలలున్నా ఏమీ కాదు. స్పెయిన్ షెర్రీ కూడా అంతే.

పాతసీసా:
షెర్రీ అన్నీ అలా కాదండి. ఫీనో రకం పీపాలో ఈస్టు పొర కింద గాలి తగలకుండా పెరుగుతుంది, తెరిచాక నాలుగైదు రోజుల్లో కానిచ్చేయాలి. గాలి తగిలేలా పెంచే ఓలొరోసో రకం అయితే తెరిచాక కొన్ని వారాలు ఆగుతుంది.

కొత్తగ్లాసు:
అప్డేట్. సాన్సేర్, మార్ల్‌బరో రెండూ తెచ్చా. ఫ్రిజ్‌లోంచి తీసి తీసినట్టే పోస్తే రెండూ చల్లటి నీళ్లే, ఛ అనుకుని పక్కన పెట్టా. ఇరవై నిమిషాలాగి గ్లాసు ఎత్తితే మార్ల్‌బరోలో అప్పుడే కోసిన పచ్చగడ్డి వాసన! ఎవరో చెప్పింది కాదు, నా ముక్కుకే తగిలింది. గ్లాసులు తారుమారు చేయించి కళ్లు మూసుకుని కూడా పట్టేశా. సాన్సేర్ గురించి మాత్రం ఇంకా పులుపు తప్ప ఏమీ చెప్పలేను.

ఆ ఫ్రెండ్ ఇచ్చిన సీసా మీద సెంటెమిలియాన్ అని ఉంది. కుడి గట్టేనా? ఇంకొన్నేళ్లు దాచనా?

పాతసీసా:
కుడి గట్టే, మెర్లో ఎక్కువుంటుంది. దాచడం సంగతి తర్వాత, సీసా ఇప్పుడెక్కడ పెట్టారు, పడుకోబెట్టారా?

కొత్తగ్లాసు:
ఫ్రిజ్ మీద. నిలబెట్టే ఉంది, ఎనిమిది నెలలైంది.

పాతసీసా:
ఫ్రిజ్ మీద వేడికి ఎనిమిది నెలలా, బిరడా కూడా ఎండిపోయి ఉంటుంది. ఈ రాత్రికే తెరిచేయండి.