బడి మాన్పించి ఇంట్లోనే పెంచడం: ఇది పిల్లవాడి స్వేచ్ఛా, పెద్దల సాహసమా?

పెరటిమామిడి (హైదరాబాదు):
మా అబ్బాయికి పదకొండేళ్లు. మూడో తరగతి మధ్యలో బడి మాన్పించాము. ఇంట్లో పాఠ్యప్రణాళిక గాని, వేళల పట్టిక గాని లేవు. 1970లలో అమెరికా రచయిత జాన్ హోల్ట్ అన్‌స్కూలింగ్ అని పేరు పెట్టిన పద్ధతి ఇదే. ఏడాదిగా వాడి ధ్యాసంతా పాత రేడియోల మీదే ఉంది. రెసిస్టరు అనే చిన్న విడిభాగం మీద పసుపు, ఊదా, ఎరుపు గీతలు చూసి దాని నిరోధం 4,700 ఓములని చెప్పగలడు, సర్క్యూట్ పుస్తకాల కోసమే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్లు నిండాక సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి రాయిస్తాము. ఈ దారిలో నడిచినవారి అనుభవాలు తెలుసుకోవాలని ఉంది.

సుద్దముక్క (విశ్రాంత ఉపాధ్యాయుడు):
బాగుందమ్మా. ఏడో ఎక్కం వచ్చునా?

పెరటిమామిడి:
నోటికి రాదండి. అవసరమైతే కూడుకుని రాబట్టుకుంటాడు.

కాలవగట్టు:
2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటోంది కదా?

పెరటిమామిడి:
అంటోంది. చేర్చని తల్లిదండ్రులకు శిక్షేమీ చెప్పలేదు.

రైన్‌తీరం:
మేముండే జర్మనీలో ఇలా చేస్తే జరిమానా కట్టాలి.

సుద్దముక్క:
రాబట్టుకోవడం వేరు, రావడం వేరు. ఏడెనిమిదులు యాభై ఆరని తడుముకోకుండా చెప్పలేనివాడు భిన్నాల దగ్గర చతికిలబడతాడని ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పిన అనుభవంతో అంటున్నాను. ఎక్కాల మీద ఇష్టం ముందుగా ఎవరికీ పుట్టదు, వచ్చాకే పుడుతుంది.

పెరటిమామిడి:
మాస్టారూ, ఇంతసేపూ మీరు వాడి రేడియోల గురించి ఒక్క మాట అడగలేదు. ఆ ఎక్కమే అప్పజెప్పలేదని బడిలో మాస్టారు వాడిచేత గోడకుర్చీ వేయించారు, ఆ తరువాత రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. మీవంటివారి వల్లే మాన్పించాము.

సుద్దముక్క:
గోడకుర్చీ తప్పే, చట్టం కూడా ఒప్పుకోదు. కాని నన్ను ఆ గాటన కట్టకండి. మా నాన్న పాలేరు, మా అమ్మది వేలిముద్ర. నన్ను బడికి పంపకపోయి ఉంటే గేదెల వెంట వెళ్లేవాడినే గాని రేడియోలు విప్పేవాడిని కాను. బడి లేకపోయినా పిల్లలు నేర్చుకుంటారన్న మాట నేను మొదట విన్నది మా ఊరి కామందు నోట. అందుకే ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

పెరటిమామిడి:
ఎక్కం అడిగే బదులు ఇది మొదటే చెప్పి ఉంటే బాగుండేది. నేను ఉద్యోగం మానుకుని ఇంట్లో ఉన్నాను కనుక మాకు ఇది సాధ్యమైంది. అందరికీ కాదని నాకూ తెలుసు. అయినా బడులన్నీ బాగుపడేవరకు నా కొడుకును అక్కడే ఉంచమంటారా?

సుద్దముక్క:
అనను. ఎన్‌ఐఓఎస్‌లో లెక్కలు తప్పనిసరి కాదు, వదిలేయవచ్చు. వదిలేస్తాడా?

పెరటిమామిడి:
ఆ నిర్ణయం వాడిది.

సుద్దముక్క:
పద్నాలుగేళ్ల పిల్లవాడిదా?

పెరటిమామిడి:
వాడిదేనండి.