అప్‌డేట్: పాపకి సీటీ స్కాన్ చేయించాం

ఉయ్యాల మీంచి పడి తలకి దెబ్బ తగిలిన మా నాలుగేళ్ల పాపకి సీటీ అవసరం పడొచ్చన్నారని, రేడియేషన్ భయం గురించి అడిగాను కదా. చేయించాం. లోపల రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు.

డాక్టరు గారు వెంటనే స్కాన్‌కి పంపలేదు. కొన్ని గంటలు కనిపెట్టి చూద్దామన్నారు. వాంతులు ఆగకపోగా పిల్ల మత్తుగా పడుకుండిపోతోంది. అప్పుడు సీటీ రాశారు.

లెక్క ఇలా చెప్పారు: తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే యూనిట్). ప్రకృతి నుంచి మనకి ఏటా వచ్చేది ప్రపంచ సగటున 2.4. బ్రిటన్ పిల్లల మీద 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, పదేళ్లలోపు వాళ్లకి తీసిన 10,000 తల స్కాన్లకి, తర్వాతి పదేళ్లలో అదనంగా వచ్చేది ఒక లుకేమియా (రక్త క్యాన్సర్), ఒక బ్రెయిన్ ట్యూమర్. సున్నా అయితే కాదు. కానీ ఆ రాత్రి నాకు తలలో రక్తం గడ్డకట్టడమే పెద్ద టెన్షన్.

టెక్నీషియన్ డోసు పిల్లల బరువుకి తగ్గట్టు తగ్గించానని స్క్రీన్ మీద చూపించాడు. మావారు సీసం ఏప్రన్ వేసుకుని పాప కాళ్లు పట్టుకున్నారు. స్కాన్ క్షణాల్లో అయిపోయింది.

ఎమ్మారై ఎందుకు వద్దన్నారని అడిగినవాళ్లకి: దానికి రేడియేషన్ లేదు గానీ చాలాసేపు కదలకుండా ఉండాలి, ఈ వయసు పిల్లలకి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

మళ్లీ స్కాన్ అక్కర్లేదన్నారు. డోసు రాసిన రిపోర్టు మాత్రం ఫైల్లో పెట్టాను.